పచ్చి ఎముక

చాచిన కాళ్ల మీద పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టి, సోమమ్మ ఎడమచేత్తో వాడి గడ్డం కింద ఆసరా ఇచ్చింది. కుడి అరచెయ్యి మెడ దగ్గర మొదలై నడుము దాకా జారింది. మళ్లీ మెడ దగ్గరికి వచ్చింది. పద్దెనిమిది రోజుల వీపు. ఒక్క అరచెయ్యి పెడితే నిండిపోతుంది.

దొడ్లో బండ చల్లగా ఉంది. పక్కన కాగులో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. గడపలో చెవులకు గుడ్డ కట్టుకుని బాలింత నాగరాణి కూర్చుంది. నాగరాణి తల్లి అండాలు నీళ్లు తోడి అందిస్తోంది.

“సోమమ్మొదినె, జర ముక్కు లేపరాదు. చప్పిడి ముక్కని మా వియ్యంకురాలు మొన్న మూతి తిప్పింది.”

“ముక్కు నేను లేపుత. మీ వియ్యంకురాలి మూతి సక్కగ చేసుడు నాతోని కాదు.”

నాగరాణి నవ్వబోయి, కుట్లు గుర్తొచ్చి ఆపుకుంది.

సోమమ్మ పిల్లాణ్ణి వెల్లకిలా తిప్పింది. కుడిచేతిని ఎడమకాలికి, ఎడమచేతిని కుడికాలికి తగిలించి వదిలింది. తర్వాత మోకాలు పట్టుకుని పొట్ట మీదికి మడిచింది. మడిస్తే ముడుచుకుంది, విడిస్తే సాగింది. లేత సొరతీగ కూడా అంత తేలిగ్గా వంగదు.

ఆమె చెయ్యి ఆగింది. అవసరం లేకపోయినా ఆ మోకాలిని ఇంకోసారి మడిచి చూసింది. ఇంకోసారి.

“ఎన్నిసార్లు మడుస్తవ్ ఒదినె? పిల్లగాడు ఏడుస్తుండు.”

“అయిపోయింది. నీళ్లియ్యి.”

ముప్పై ఏళ్లుగా ఆమె పని ఇదే. మోత్కూర్‌కు నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో ఎవరికి కాన్పయినా, దవాఖాన నుంచి వచ్చి ఆటో దిగిన మర్నాడు సోమమ్మకు కబురు వస్తుంది. నలభై రోజుల పాటు తల్లికీ పిల్లకీ ఒళ్లు రుద్దాలి, నీళ్లు పోయాలి, సాంబ్రాణి పట్టాలి. ఆమె రుద్దిన పిల్లలు ఇప్పుడు ట్రాక్టర్లు నడుపుతున్నారు, పంచాయతీలో వార్డు మెంబర్లయ్యారు. ఎవడు దొడ్డికాళ్లతో పుట్టాడో, ఎవడి తల సొట్టగా ఉండేదో ఆమెకు గుర్తు. వాళ్లకు తెలియదు. దారిలో ఎదురైతే నమస్కారం కూడా పెట్టరు. పెట్టాలని ఆమెకూ తోచలేదు.

అత్త దగ్గర నేర్చుకుంది ఈ పని. కండ్లు మూస్కొని రుద్దు, చేతికే కండ్లుంటయ్ అనేది అత్త. రుద్దీ రుద్దీ సోమమ్మ బొటనవేళ్లు కొసన వెడల్పయి చెంచాల్లా తయారయ్యాయి. గోళ్లు పసుపు తాగాయి. బిగుసుకున్నది ఏదైనా సరే, ఆ వేళ్ల కింద ఒక రోజుకో వారానికో వదులయ్యేది.

వదులు కానిది ఆమె ఇంతవరకు ఒక్కటే చూసింది. అది ఆమె ఇంట్లోనే ఉంది.

*

బీరన్న నవారు మంచం అంచున తయారుగా కూర్చున్నాడు. తెల్లటి తలపాగా, ఉతికిన ధోతి. కుడికాలు ముందుకు చాచి ఉంది. ఆ కాలు ఎప్పుడూ ముందుకే ఉంటుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నలభై అయిదేళ్లు గొర్ల వెనక నడిచిన మనిషి. ఎడమకాలి పిక్క ఇప్పటికీ రాయిలా ఉంది. కుడికాలి పిక్క కరిగిపోయింది. మోకాలు మాత్రం ఉబ్బి, చర్మం బిగిసి, నూనెతో నిగనిగలాడుతోంది.

పోయిన ఎండాకాలం మందను ఇంటికి తోలుకొస్తుంటే వడ్ల బస్తాల ట్రాలీ ఆటో ఒకటి మలుపులో అతని మీదికి పల్టీ కొట్టింది. మోకాలు కీలు ఊడి, తొడ ఎముక ఒక దిక్కు, కాలి ఎముక ఒక దిక్కు అయ్యాయి. నల్లగొండ పెద్ద దవాఖానలో కీలు కూర్చోబెట్టి, కాలికి బయటినుంచి ఇనుపకడ్డీలు బిగించి నెలన్నర ఉంచారు. కాలు తీసెయ్యాల్సి వస్తుందేమోనన్నారు. దక్కింది. కడ్డీలు తీశాక, కాలు మడవడం నేర్పే ఆయన చెప్పాడు: మెల్లగా, నొప్పి మొదలయ్యే దాకా మాత్రమే, పూటకు పది సార్లు. నీ అంతట నువ్వే మడవాలి.

పది సార్లా! సోమమ్మకు నవ్వొచ్చింది. పసిపిల్లకే ఆమె యాభై సార్లు మడుస్తుంది.

శ్రావణంలో మొదలుపెట్టింది. రోజూ సాయంత్రం నాలుగింటికి ఇనుప గిన్నెలో ఆముదం పోసి, ఎల్లిపాయ రెబ్బలు వేసి కాచేది. మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చునేది. మోకాలికి లోపలివైపు, కాస్త పైన, చింతగింజంత గడ్డ వేలికి తగిలింది. పేరుకున్న నెత్తురనుకుంది. ఊళ్లో ఎవరినడిగినా అదే అంటారు. పేరుకున్న నెత్తురు కరగాలంటే ఒకటే దారి, రుద్దాలి. రుద్దింది. దసరాకు ఆ గడ్డ నిమ్మకాయంత అయింది. ఇంకా గట్టిగా రుద్దింది. ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టింది. మడమ పట్టుకుని తన బరువంతా వేసి కాలు మడిచింది. బీరన్న గొంగడి మూతి మీదికి లాక్కుని కళ్లు మూసుకునేవాడు. ఈగలకు భయపడి అనుకునేది. కార్తీకం వచ్చాక చలికి అనుకుంది.

దసరా తర్వాత అతను దవాఖానకు పోయి వచ్చాడు, పరమేష్‌ను తోడు తీసుకుని. పరమేష్ ఆమె తమ్ముడి కొడుకు. బీరన్న పడ్డప్పటినుంచి రెండు ఇళ్ల గొర్లనూ అతనే కాస్తున్నాడు. ఏమన్నరని ఆమె అడిగితే, “ఏమంటరు? మంచిగనే ఉందన్నరు” అన్నాడు బీరన్న. పరమేష్ అప్పుడు చెప్పుల్లో ముల్లు వెతుక్కుంటున్నాడు.

ఇప్పుడు మళ్లీ రమ్మన్న తారీఖు వచ్చింది. పరమేష్‌కు తీరిక లేదు. కోతలయిపోయిన మిర్యాలగూడ ఆయకట్టు మళ్లకు మంద కదులుతోంది. పెద్ద గొర్లను తీసుకుని మిగతా కాపర్లు తెల్లవారుజామునే నడక పట్టారు. నడవలేని గొర్రెపిల్లలను, వంట సామాన్లను ట్రాలీ ఆటోలో వేసుకుని సాయంత్రం పరమేష్ పోతాడు.

“నువ్వెందుకే? పరమేషుకు తీరికైనంక పోత తియ్యి,” అన్నాడు బీరన్న, మూడోసారి.

“పరమేషుకు తీరిక ఉగాదికి. లే.”

“దవాఖానల దినమంత నిలబడాలె.”

“నేను కూసున్నది ఎన్నడు?”

అతను గోడ పట్టుకుని లేచాడు. లేచే తీరు చూసి ఆమె తల తిప్పుకుంది. కాపరికి నడవడం సగం పనే. మోకాళ్లు మడిచి ఈనే గొర్రె వెనక కూర్చోవాలి, పిల్లను పొదుగు కిందికి పట్టాలి, డెక్కలో ముల్లు తియ్యాలి. అవేవీ నిలబడి చేసే పనులు కావు. మోకాలు మడిస్తేనే అతను కాపరి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

బస్సులో అతని కాలు నడవలోకి అడ్డంగా ఉంది. ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు దాటుకుంటూ పోతున్నారు. రామన్నపేటలో కూరగాయల గంపతో ఎక్కిన ఆమె తట్టుకుని పడబోయింది.

“ఏందయ్యా గీ కాలు? ఇంట్ల పెట్టి రాకపోయినవా?”

“ఇంట్ల పెట్టి రానియ్యలేదమ్మా నా పెండ్లాం,” అన్నాడు బీరన్న. “దవాఖానల చూపెట్టాల్నట.”

బస్సులో నలుగురు నవ్వారు. గంప ఆమె కూడా నవ్వి, పోతూ పోతూ అతని భుజం తట్టింది. సోమమ్మ కిటికీలోంచి చూస్తోంది. మనుషులతో ఇంత సరదాగా మాట్లాడతాడని ఆమెకు తెలియదు. ఇంట్లో ఎప్పుడుంటాడు కనక?

దవాఖానలో ఓపీ చీటీకి ఒక వరస, ఎక్స్‌రేకు ఒక వరస, డాక్టరు గది ముందు ఒక వరస. ఆమె కాళ్లు లాగాయి. పొద్దుటి నుంచి గొంతులో నీళ్లు తప్ప ఏమీ పడలేదు. వాళ్ల పేరు పిలిచేసరికి పన్నెండు దాటింది.

డాక్టరు చిన్నవాడు. కళ్ల కింద నలుపు. పాత ఫిల్మును, కొత్త ఫిల్మును వెలిగే పలక మీద పక్కపక్కన పెట్టాడు.

“ఇది దసరాకు తీసింది. ఇది ఇయ్యాల తీసింది. చూడు పెద్దమ్మా.”

సోమమ్మ ఎముకను ఎప్పుడూ చూడలేదు. వేళ్లతో తెలుసుకోవడమే. పాత ఫిల్ములో రెండు లావాటి ఎముకలు కలిసే చోట, పక్కన, తెల్లగా మసకగా ఏదో ఉంది. విచ్చుకున్న పత్తికాయలా. కొత్తదాంట్లో ఆ పత్తి లేదు. దాని చోట ఒక కొమ్ము ఉంది. తొడ ఎముక పక్కన లావుగా మొదలై, కిందికి వంగి, కొసన సన్నబడిన పొట్టేలు కొమ్ము.

“ఏందది సారూ?”

“ఎముక.”

“కాలు బొక్కనేనా?”

“కాదు. ఉండకూడని చోట మొలిచిన ఎముక. కండ ఉండాల్సిన చోట ఎముక వచ్చింది. తలుపు సందులో రాయి పెట్టినట్టు, అది ఉన్నంతసేపు మోకాలు వంగదు.”

రెండు ప్లాస్టిక్ బద్దలున్న కొలత పరికరాన్ని మోకాలి పక్కన ఆనించి మడవమన్నాడు. బీరన్న పళ్లు బిగించాడు. కాలు కాస్త వంగి ఆగిపోయింది.

“పోయినసారి నలభై డిగ్రీలు వంగింది. ఇప్పుడు పదిహేను,” అని రాసుకుంటూ అడిగాడు. “రుద్దుడు ఆపమని చెప్పిన కదా పెద్దాయనా. ఆపినవా?”

“ఆపిన సారూ.”

సోమమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమయింది. కాళ్ల కింద నేల అలాగే ఉంది. పక్కగదిలో ఎవరో దగ్గుతున్నారు.

డాక్టరు వేళ్లతో మోకాలి మీద గడ్డను నొక్కి చూశాడు. చెయ్యి తీశాడు. బొటనవేలిని చూపుడువేలికి రాసుకున్నాడు. జిడ్డు. వాసన చూశాడు.

“ఎవరు రుద్దుతున్నరు?”

“ఎవ్వలు లేరు. నేనే సారూ. సొంతంగ.”

డాక్టరు బీరన్న చేతుల వైపు చూశాడు. పగుళ్లిచ్చిన, పొడిబారిన చేతులు. తర్వాత ఆ పక్కన చీటీ పట్టుకున్న చేతుల వైపు చూశాడు. చెంచాల్లాంటి బొటనవేళ్లు, పచ్చటి గోళ్లు. ఫిల్ము వైపు తిరిగి మాట్లాడాడు.

“ఇంత పెద్ద దెబ్బ తగిలినంక ఎవరూ ముట్టకపోయినా ఇట్లా మొలవొచ్చు. ఎవరి తప్పూ అనలేం. కానీ మొలిచేటప్పుడు బలంగా రుద్దితే, గుంజి మడిస్తే, లోపల కండ చీరుతది. చీరిన చోట ఇంకింత మొలుస్తది.”

“కోసి తియ్యరా సారూ?” అంది సోమమ్మ.

“తీస్తం. ఇప్పుడు కాదు. ఇంకా పచ్చిగుంది. పచ్చిగున్నప్పుడు కోస్తే మళ్లీ వస్తది. ముదరాలి. ఇంకో ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా ఆయనంతట ఆయన ఎంత మడిస్తే అంతే. ఇంకో చెయ్యి దాని మీద పడొద్దు.”

“తీసినంక వంగుతదా?”

“వంగుతది. మొత్తం కాకపోయినా కింద కూర్చునేంత వంగొచ్చు. ఇది ఇట్లనే పెరుగుకుంట పోతే మాత్రం నేను మాట ఇయ్యలేను.”

*

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాక ఆమె రెండు చాయలు తెచ్చింది. ఒకటి అతని చేతిలో పెట్టింది. తనది పక్కన పెట్టుకుంది. మోత్కూర్ బస్సుకు ఇంకా అరగంట.

“నీకు ఎర్కనా?”

“ఏంది?”

“దసరప్పుడే చెప్పిండంట గద.”

బీరన్న చాయ ఊదుకున్నాడు. “చెప్పిండు.”

“మూడు నెల్లు. దినాం. గానుగెద్దు లెక్క రుద్దిన. ఒక్కనాడన్న వద్దంటివా?”

హైదరాబాద్ బస్సు ఒకటి వచ్చి, జనాన్ని దింపి, జనాన్ని ఎక్కించుకుని పోయింది.

“నోరు పడిపోయిందా?”

“నువ్వు రుద్దుకుంట ముచ్చట పెడ్తవ్,” అన్నాడు చివరికి. “మిగతప్పుడు పెట్టవ్.”

ఆమె పక్కనున్న చాయను ఇంకాస్త దూరం జరిపింది.

ముప్పై నాలుగేళ్ల కాపురం. అతను చీకటితో లేచి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. ఎండాకాలమూ చలికాలమూ ఎవరి చేలల్లోనో మందతో పడుకునేవాడు. ఇంటికి వచ్చిన రోజు ఆమె ఎవరి ఇంట్లోనో పిల్లకు నీళ్లు పోస్తుండేది. కూతురు కోమల ఎప్పుడు నడిచిందో అతను చూడలేదు. కోమల ఇప్పుడు చౌటుప్పల్‌లో మందుల కంపెనీలో పనిచేస్తూ, అక్కడే కాపురం ఉంటోంది. పగటిపూట మొగుడూ పెళ్లాలు ఒకచోట గంటసేపు కూర్చోవడమన్నది ఆ మోకాలు విరిగాకే మొదలయింది. చేతులు పనిలో ఉంటే సోమమ్మ నోరు దానంతటది నడిచేది. ఎవరి కోడలు అలిగి పోయింది, ఎవరి పిల్లకు పాలు పడటం లేదు, అండాలు తన వియ్యంకురాలిని ఏమని తిట్టింది. అతను గొంగడి కిందినుంచి ఊఁ అనేవాడు. వింటున్నాడని ఆమె అనుకోలేదు.

“పిచ్చోడా,” అంది. “ముచ్చటకు కాలు ఇస్తరా ఎవలన్న?”

“కాలు ఎట్లనో పోయిందనుకున్న. ముచ్చటన్న దక్కనీ అనుకున్న.”

ఆమె చాయ మీద మీగడ కట్టింది. అది అక్కడే వదిలేసి లేచింది. బస్సు వచ్చింది.

*

ఇల్లు చేరేసరికి మూడున్నర. వీధి చివర పరమేష్ ట్రాలీ ఆటో ఆగి ఉంది. గొర్రెపిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. బీరన్న మంచం మీద వాలాడు. సోమమ్మ కాళ్లు కడుక్కుంది, చీర కుచ్చిళ్లు బొడ్లో దోపుకుంది, పొయ్యి ముట్టించింది. తల నిండా డాక్టరు మాటలే. మొలవొచ్చు. చీరుతది. ముదరాలి.

ఎల్లిపాయ చిటపటలాడింది.

ఆమె ఉలిక్కిపడి పొయ్యి వైపు చూసింది. ఇనుప గిన్నె పొయ్యి మీద ఉంది. అందులో ఆముదం. ఆముదంలో మూడు రెబ్బలు. ఎప్పుడు పెట్టిందో, ఎప్పుడు పోసిందో గుర్తులేదు. చేతులు పెట్టాయి.

గబుక్కున గుడ్డతో గిన్నె దించింది. పారబోద్దామని బయటికి వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

బీరన్న ధోతి తొడ మీదికి మడిచి, కాలు చాచి, మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎల్లిపాయ చప్పుడు విన్నాడు. గొంగడి కొసను మూతి దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

సోమమ్మ గిన్నెను ముక్కాలిపీట మీద పెట్టింది. గొంగడి కొసను అతని చేతిలోంచి తీసుకుని చూసింది. జానెడు మేర ఉన్ని లేదు. నమిలి నమిలి పోగులు తెగి, ఉమ్మి ఎండి అట్ట కట్టింది. పంటి గాట్లు కనిపిస్తున్నాయి.

ఈగలకు కాదు, చలికి కాదు.

అతను కళ్లు తెరిచాడు. ఆమె గొంగడిని మెల్లగా అతని గుండెల మీద కప్పింది. ధోతిని మోకాలి మీదికి లాగింది. ఈ మనిషి వద్దని ఎప్పటికీ అనడు. తన చేతులు ఆగవు. అవి ముప్పై ఏళ్ల చేతులు. ఇవాళ ఆగినా రేపు పొయ్యి మీద గిన్నె పెడతాయి. ఏడాది అంటే మూడువందల అరవై అయిదు సాయంత్రాలు.

చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి నడిచింది.

*

పరమేష్ ఆటో వెనక గడ్డి పరుస్తున్నాడు. మెడలో తువ్వాలు, జేబులో మోగుతున్న ఫోను.

“అత్తా, ఏమన్నరు దవాఖానల?”

“నీకు ఎర్కలేదా ఏమన్నరో?”

అతను వంగి గడ్డి సర్దాడు. సర్దిందే మళ్లీ సర్దాడు. “మామ ఒట్టేపిచ్చుకున్నడు అత్తా.”

“దేని మీద?”

“పెద్ద పొట్టేలు మీద.”

“అత్త మీద ఏస్తే చెప్దువేమో. పొట్టేలు మీద ఏసేసరికి నోరు మూసినవ్.” ఆమె ఆటో అంచు పట్టుకుంది. “మీ మామను గూడ తీస్కపో.”

“ఏడికి?”

“మందకాడికి.”

“ఎట్ల అత్తా? వంగని కాలు తీస్కొని గాడ ఏం చేస్తడు?”

“గొర్రెపిల్లల కాపలాకు ఒక మనిషి కావాల్నని మొన్న నువ్వే అనలేదా? ప్లాస్టిక్ కుర్చీ ఇస్త. ముంగట ఒక రాయి పెట్టు, కాలు దానిమీద పెట్టుకుంటడు. ఒండుకునుడు వస్తది మామకు. సామాన్లు కాస్తడు.”

“మామ ఒప్పుకోవాలె గద.”

“నేను ఒప్పిస్త. నువ్వు ఒకటి ఇను. దినాం పది సార్లు తనంతట తనే మెల్లగ మడుసుకోవాలె. ఇంకెవ్వడు ముట్టొద్దు. ఎవడన్న వచ్చి పట్టు ఇడిపిస్త, రుద్దుత అంటే కట్టె తీస్కొని తరుము. నేనొచ్చినా సరే తరుము.”

పరమేష్ నవ్వాడు. ఆమె ముఖం చూసి మానుకున్నాడు. “మూడు నెలలకు నేనే దవాఖానకు తీస్కపోత అత్తా. ఈసారి ఉన్నదున్నట్టు చెప్త.”

బీరన్న మాత్రం అంత తేలిగ్గా లేవలేదు.

“నన్ను ఎల్లగొడ్తున్నవానే?”

“ఆఁ. ఎల్లగొడ్తున్న.”

“కుంటోడు మందకు బరువు.”

“నాకంటే ఎక్కువ బరువా? కాలు మీద కూసుంటే ఎర్కైంది గద నా బరువు.”

అతని పెదవి కాస్త కదిలింది. ఆమె అప్పటికే సంచిలో ధోతులు, తువ్వాలు, నొప్పి గోలీలు, రెండు ఫిల్ముల కవరు సర్దుతోంది. గొంగడిని మడిచి పైన పెట్టింది. నమిలిన కొస లోపలికి పోయేలా మడిచింది.

“ఒక్కదానివి ఏం చేస్తవ్?”

“ముప్పై ఏండ్ల సంది ఏం చేస్తున్ననో గదే.”

“మరి ముచ్చట?”

ఆమె చేతులు సంచి ముడి మీద ఆగాయి. “ఫోన్‌ల చెప్త.”

“ఫోన్‌ల నువ్వు అరుస్తవ్. చెవులు పోతయి.”

“దూరంబెట్టుకొని ఇను.”

అతను గోడ పట్టుకుని లేచాడు. గడప దగ్గర ఆగి, మూలకున్న తన కట్టెను తీసుకున్నాడు. ఎనిమిది నెలలుగా అది ఆ మూలే ఉంది. దుమ్మును అరచేత్తో పైనుంచి కిందికి తుడిచాడు. వీధిలోకి నడిచాడు.

డ్రైవరు పక్కన కాలు పట్టలేదు. రెండుసార్లు ప్రయత్నించి, చివరికి వెనక ట్రాలీలోకి ఎక్కించారు. పరమేష్ చంకల్లో చేతులు వేశాడు. సోమమ్మ మడమ పట్టుకుంది. మడమ వరకే పట్టుకుంది. బీరన్న గడ్డి మీద వీపు ఆనించి, రెండు కాళ్లూ చాచి కూర్చున్నాడు. ఒడ్లో ప్లాస్టిక్ కుర్చీ. గొర్రెపిల్లలు మొదట మూలకు నక్కి, తర్వాత ఒక్కొక్కటే దగ్గరికి జరిగాయి. వారం కూడా నిండని నల్లపిల్ల ఒకటి చాచిన అతని కాళ్ల మీదికి ఎక్కి, చుట్టూ తిరిగి, బోర్లా పడుకుంది. అతను దాని గడ్డం కింద చెయ్యి పెట్టాడు.

“పోయి వస్త సోమీ.”

“నీళ్లు కాసి తాగు.”

ఆటో కదిలింది. మలుపు దగ్గర తలపాగా తెల్లగా ఒకసారి కనిపించింది. ఆ తర్వాత గొర్రెపిల్లల అరుపు. ఆ తర్వాత అదీ లేదు.

పక్కింటి గోడ మీదుగా అండాలు కేకేసింది. “ఒదినె, రేపు జర జల్ది రాయే. పిల్లగానికి రాత్రంత కడుపునొప్పి.”

సోమమ్మ తన చేతుల వైపు చూసుకుంది. ఈ సాయంత్రం వాటికి ఆముదం వాసన లేదు.

“వస్త. మెల్లగ రుద్దుత.”

“మెల్లగెందుకు? గట్టిగనే రుద్దు, నీ చెయ్యి పడితేనే వానికి నిద్ర.”

ఆమె లోపలికి వచ్చింది. పొయ్యిలో నిప్పు చల్లారింది. అన్నం ఎంత వండాలో ఆలోచించి, సోలెడు బియ్యం తీసి, అందులోంచి సగం మళ్లీ డబ్బాలో పోసింది. నడుము లాగుతోంది. కాసేపు వాలదామని మంచం దగ్గరికి వెళ్లి, పరిచిన బొంతను తీసి దులిపింది.

పడుకోలేదు. ముక్కాలిపీట మీద గిన్నె పక్కనే, కింద కూర్చుంది.

బొంత తీసిన మంచం తెల్లటి నవారు మీద, కుడికాలి మోకాలు ఆనే చోట, ఆరు నెలల ఆముదం ఇంకి జానెడు మేర నల్లగా ఉంది. దాని అంచు వెంట చీమలు అప్పుడే వరసకట్టాయి.